మా తాయారవ్వ జెండా ముడి

భారతదేశానికి స్వాతంత్ర్యం తెచ్చిపెట్టింది మా అవ్వ తాయారు. స్వాతంత్ర్యం వచ్చిన ఆరేళ్లకు ఆమె పుట్టిందన్నది చిన్న చిక్కే. చరిత్రలో రెండుసార్లు తప్పి, తొమ్మిదో తరగతితో బడి మానేసిన నాకు అలాంటి చిక్కులు అడ్డం రావు.

అవ్వ వాషర్‌మెన్‌పేట్ మార్కెట్ మొదట్లో కూర్చుని మల్లెలు కట్టి అమ్ముతుంది. గొంతు పెద్దది, కొలిచే మూర చిన్నది. ఎవరైనా అడిగితే, "నా చెయ్యి పొట్టి, నేనేం చేసేది?" అంటుంది. ఆగస్టు పదిహేనున మాత్రం ఆమె చెయ్యి లేకపోతే మా వీధికి పండగ లేదు. జెండాలో పూలరేకులు పోసి మడిచి, ముడి వేసి, కర్ర పైకి పంపేది ఆమే. కింద నుంచి ఒక్క లాగు లాగితే ముడి వీడి, జెండా విచ్చుకుని పూలు రాలాలి. నలభై ఒక్క ఏళ్లలో ఒక్కసారీ తప్పలేదు. తాడు లాగేది మాత్రం ఎప్పుడూ ఎవరో పెద్దమనిషి. చప్పట్లూ ఆయనకే.

ఆ విద్య ఆమె తండ్రి మునిరాజుది. ఆయన హార్బర్‌లో మూటలు కట్టే కూలీ. 1942 ఆగస్టులో నాయకులందరినీ జైల్లో వేశారని తెలిసిన వారమే, గేటు ఎదుటి దీపస్తంభం ఎక్కి మూడు రంగుల జెండా కట్టేశాడు. ఒకరి తర్వాత ఒకరు ఎక్కిన పోలీసులు లాగేకొద్దీ ముడి బిగుసుకుంది. కత్తి తెప్పించి తాడు కోసేసరికి మధ్యాహ్నమైంది. మునిరాజుకు ఆరు నెలల జైలు, వేళ్ల మీద లాఠీ దెబ్బలు. 1947లో ఆ మొండి చేతులకే కొత్త కష్టం వచ్చిపడింది. ఈసారి విడిపోయే ముడి కావాలంది వీధి. మూడు రోజులు తాడుతో కుస్తీ పట్టి, వంకరపోయిన వేళ్లతోనే నేర్చుకున్నాడట. రెండు ముళ్లూ కూతురికి నేర్పాడు. ఆమె నాకు నేర్పింది.

ఈ ఏడు జ్వరం వచ్చి అవ్వ వేళ్లు వాచిపోయాయి.

"ఏమే అక్షయా, ఈసారి నువ్వే ఏయాల. ఒక్క లాగుకు రావాల. రాలేదంటే ఈ వీధిలో నేను తలెత్తుకోని తిరగలేను, చెప్తుండా."

"నాకొదిలెయ్ అవ్వా. నీకంటే గట్టిగా ఏస్తా."

"గట్టిగా ఏయమని ఎవురు చెప్పినారు?"

ఆ మాట నా చెవికెక్కలేదు. పూలరేకులు ముందే జారిపోతాయేమోనని భయం ఒకటి. పోలీసులకు లొంగని ముత్తాత ముడి నాకూ వచ్చని చూపించుకోవాలన్న పొగరు మరొకటి. దాన్నే వేసి బిగించాను.

వీధి సంఘం పెద్ద జయరామన్ సార్ తాడు లాగారు. రాలేదు. మళ్లీ లాగారు. "ఎన్నమ్మా ఇదు, వరమాట్టేంగుదే!" అన్నారు అవ్వతో తమిళంలో, ఏంటమ్మా ఇది, రానంటోందే అని. పిల్లలు నవ్వారు. అవ్వ ముఖం పాలిపోయింది. జెండా మూటను కిందికి దింపించి, ముడి చూసి, నా వంక తిరిగింది.

"మా నాయన ముడేసినావా?"

"అది గట్టిది గదా అవ్వా..."

"పోలీసోళ్లకు ఏసింది మనోళ్లకు ఏస్తివి గదే!"

ఎవరో కత్తెర అందించారు. దాన్ని పక్కకు నెట్టేసింది. ఆనాటి పోలీసులకు తెలియనిది ఆమెకు తెలుసు. ఆ ముడిని లాగకూడదు, వెనక్కి తొయ్యాలి. వాచిన బొటనవేలితో తోసింది. నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగాయి కానీ చెయ్యి తియ్యలేదు. ముడి వీడింది. రేకులు సర్ది, అక్కడికక్కడే విడిపోయే ముడి వేసి పైకి పంపింది.

జయరామన్ సార్ తాడు కొస ఆమె చేతిలో పెట్టి, "నీంగళే ఇళుంగమ్మా" అన్నారు. మీరే లాగండమ్మా అని.

అవ్వ లాగింది. ఒక్క లాగే. రేకులన్నీ ఆమె నెరిసిన తల మీదే పడ్డాయి. వీధిలో అందరికన్నా గట్టిగా ఈల వేసింది నేనే. తప్పు చేసిందీ నేనే కదా మరి.

ఇదంతా రాసి, మొదటి వాక్యం ఆమెకు చదివి వినిపించాను. వాపు తగ్గిన వేళ్లతో మల్లెలు కడుతూ, తల ఎత్తకుండానే అంది:

"నేనేమీ తేలా. ముడేసినా, అంతే. నువ్వు అది కూడా ఏయలేకపోతివి. పో, ఆ నార తడిపి తీసుకురా."