సుజాతక్క తనమీద వేసుకున్న తప్పు

వీధికో కంప్యూటర్ కోర్సు వెలిసిన రోజుల్లో పద్మారావు నగర్‌లోని ఒక డీటీపీ సెంటర్‌లో పనికి చేరాను. కంప్యూటర్ అప్‌డేట్ అడిగితే ఒప్పుకోవద్దని యజమాని ముందే చెప్పారు. ఒకరోజు అది అడిగితే, కొత్తదైతే మంచిదే కదా అని నొక్కేశాను. కంప్యూటర్ మళ్లీ ఆన్ అయ్యేసరికి తెలుగు ఫాంట్లు పోయి, నాకంటే ముందు నుంచి అక్కడ పనిచేస్తున్న సుజాతక్క టైప్ చేసిన శుభలేఖలన్నీ పిచ్చిగీతలయ్యాయి.

"ఏందిది? ఎవరు చేసిండ్రో వాళ్లు రేపట్నుంచి రావద్దు!" అని యజమాని అరిచారు.

"నేనే సార్, చూస్కోలే" అంది అక్క.

టిఫిన్ డబ్బా పట్టుకుని ఆమె మెట్లు దిగుతుంటే వెనకే వెళ్లి ఏడ్చేశాను.

"ఊకో తమ్మీ. నాకు పనొచ్చు, ఇంకోకాడ దొరుకుతది. నీకిది మొదటి నౌకరీ."

మర్నాటి నుంచి ఆమె కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. ఆరేళ్లు కూర్చున్నాను, నిజం చెప్పలేదు. ఆ తప్పు నాదని ఇప్పుడు రాస్తున్నది మా యజమాని కోసం. అక్కకు ఆ రోజే తెలుసు.