వరస పెట్టి పిలవకూడని రోజు

నేను ఐదో తరగతితో ఆపేసినదాన్ని. కాగితం మీద ఇంత రాయడం ఇదే మొదలు. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే మీరే సర్దుకుని చదువుకోండి.

ఆ రోజుల్లో కంపెనీ అంటే మాకు ఇంటి వెనక రేకుల షెడ్డు, అందులో ఇనుప కడ్డీని గిర్రున తిప్పి చెక్కే లేతు మిషను ఒకటి, అంతే. మా మావయ్య (మా అమ్మకి అన్న, నాకు మావగారు కూడా) ఫిషింగ్ హార్బరు పడవలకి బోల్టులు చేయించేవాడు. లేతు మీద మా బావ, అంటే మా ఆయన. మిగతా చాకిరీ అంతా మరిది. నేను బోల్టులకి నూనె రాసి గోనె సంచుల్లో కట్టేదాన్ని. స్టీలు ప్లాంటు కడుతున్న రోజులవి. ఒక కాంట్రాక్టరు తాలూకు ఆఫీసరు మా షెడ్డు చూడ్డానికి వస్తానన్నాడు. ఆయనకి నచ్చితే పెద్ద ఆర్డరు, లేకపోతే మళ్ళీ పడవలే గతి. ఇంటోళ్ళు చేసే పనికి ఆర్డర్లివ్వరని ఎవరో మావయ్య చెవిన వేశారు. ఇంకేముంది, పొద్దున్నే అందర్నీ నిలబెట్టాడు.

"ఇయ్యాల వరసల్లేవు. బావా లేదు, ఒదినా లేదు. అందరూ సార్లే. తెలిసిందా?"

"మరి నానేటి మావయ్యా?"

"అదుగో, మళ్ళీ మావయ్య! నువ్వెవరికీ ఏటీ కావు. ప్యాకింగు డిపార్టుమెంటువి."

బావకి పెళ్ళినాటి పొడుగు చేతుల చొక్కా కూడా తొడిగించాడు. ఆఫీసరు వచ్చాడు. మరిది సొంత అన్నని "ఆపరేటర్ సార్" అంటుంటే నేను గోనె సంచిలో తల పెట్టి నవ్వుకున్నాను. ఆఫీసరు బోల్టు తిప్పి తిప్పి చూస్తున్నాడు. అంతలో బావ చొక్కా చెయ్యి తిరుగుతున్న మిషన్లో చిక్కుకుంది.

"ఓలమ్మా! బావా, సెయ్యి! సెయ్యి!" అని అరిచాను.

"ఆపీసినానొదినా!" స్విచ్చి దగ్గర్నుంచి మరిది.

"నాయినా, తగల్లేదు గదరా?" మావయ్య ఉరికాడు.

చొక్కా చెయ్యి భుజం దాకా ఊడొచ్చింది. బావకి గీత కూడా పడలేదు. అప్పుడు గుర్తొచ్చాడు ఆఫీసరు. మా మొహాలన్నీ వరసగా చూసి, "ఇంతకీ ఇక్కడ పనివాడెవరయ్యా?" అన్నాడు.

మావయ్య తల గోక్కున్నాడు. "నానొక్కడినే బాబూ. ఈళ్ళందరికీ."

ఆయన నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. "బోల్టు బాగుంది. ముందు ఆ అబ్బాయికి పొట్టి చేతుల చొక్కా కొనండి" అని, ఆర్డరు ఇచ్చి వెళ్ళాడు.

తర్వాత ఇంకో లేతు, పెద్ద షెడ్డు, గేటు, గేటుకో వాచ్‌మెన్. మావయ్య ఇప్పుడు లేడు. నేను లోపలికి వెళ్తే కుర్రాళ్ళు లేచి "నమస్తే మేడమ్" అంటారు. ఆ మేడమెవరో వచ్చిందనుకుని నేను వెనక్కి తిరిగి చూస్తాను. ఒక్కడైనా "అత్తా" అని పిలిస్తే బాగుండునని ఉంటుంది. అడగడానికి సిగ్గు.

చేతికి అలవాటు లేని పని. తప్పులుంటే మీ ఇంటి మనిషనుకుని మన్నించండి.