అవ్వ మెడలోని పూస

నా చిన్నప్పుడు మా ఇంట్లో దారం తెగిందని దిగులుపడేవాళ్ళు ఎవరూ లేరు. పోచంపల్లి దగ్గర మాది మగ్గాల ఇల్లు. పోగు తెగితే అతకడం మాకు అన్నం తిన్నంత మామూలు పని. అలాంటి ఇంట్లో మా నాయిన ఒక దారం తెగిందని అన్నం మానేసి కూర్చున్నాడంటే మీరు నమ్మరు.

అది మగ్గం దారం కాదు, గాలం దారం. పట్నం నుంచి మా చెరువుకు చేపల వేటకు వచ్చే పెద్దమనిషి ఒకాయన కొత్తది కొనుక్కుని, తన పాత గాలపు కర్రను గిరకతో సహా నాయినకిచ్చాడు. పిడి తిప్పితే నైలాన్ దారం దానంతటదే చుట్టుకునేది. వాడకట్టంతా వచ్చి వింతగా చూసిపోయారు.

ఆ రోజుల్లోనే మా అన్నకు విషజ్వరం వచ్చి తగ్గింది. జ్వరమైతే పోయింది గానీ నోటికి ఏదీ సహించేది కాదు. మెతుకు చూస్తే మొహం తిప్పుకునేవాడు, ఎముకలు తేలాయి. ఒకనాడు తనంతట తనే చేపల పులుసు అడిగాడు. ఆ ఒక్కమాటకే మా అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాయిన వెంటనే చెరువుకు పోయాడు. పెద్ద చేపే పడింది, లాగుతుంటే దారం టప్పుమని తెగింది. మర్నాడూ అంతే.

దారం నాసిరకం అనుకున్నాడు నాయిన. నేతగాడు కనుక, పడుగు నూలుకు పెట్టినట్టే దానికీ చక్కగా గంజి పెట్టి ఎండబెట్టాడు. ఈసారి ఇంకా తొందరగా తెగింది. ఇంటికొచ్చి గిరకను మూలకు గిరాటేశాడు. అన్న మొహం చూడలేక గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

మా అవ్వ, అంటే నాయిన కన్నతల్లి, కండెలు చుట్టడం ఆపి ఆ గిరకను ఒళ్ళో పెట్టుకుంది. కళ్ళు మూసుకుని దారాన్ని వేళ్ళ మధ్య నుంచి పోనిచ్చింది. ఉన్నట్టుండి నవ్వింది.

"నైలాను దారానికి గంజి వెడ్తర్రా? దీనితోని చీర నేస్తవా ఏంది?"

నాయిన కూడా నవ్వక తప్పలేదు.

"తెగినకాడ ఏం దొరుకుతది బిడ్డా, ఒరుసుకునేకాడ చూడాలె" అంటూ అవ్వ నా వేలు పట్టుకుని దారం మలుపు తిరిగేచోట పెట్టింది. అక్కడ ఒక చిన్న ఇనుప చక్రం ఉంది. దారం రాసుకుని రాసుకుని దానిమీద గాడి పడింది. పైగా గంజి పట్టి అది తిరగడమే మానేసింది. గాడి అంచు నా వేలికి గీసుకుంది.

అప్పుడు అవ్వ తన మెడలోని పూసలపేరు విప్పింది. పెళ్ళినాడు పుట్టింటివాళ్ళు వేసిన గాజుపూసలవి, మమ్మల్ని ముట్టుకోనిచ్చేది కాదు. వాటిలోంచి నున్నగా ఉన్న ఒక పూసను ఏరి, చక్రం తీసేసిన ఇరుసుకు ఎక్కించి, నోటితో ఊదింది. గిర్రున తిరిగింది. ఎంత ముచ్చటేసిందో! నాయిన దారాన్ని గోరువెచ్చని నీళ్ళలో కడిగి, పాడైనంత మేర కోసేసి, మళ్ళీ చుట్టాడు.

మర్నాడు నేనూ వెంట పోయాను. చేప ఎంత గుంజినా పూస తిరుగుతూనే ఉంది, దారం తెగలేదు. ఆ మధ్యాహ్నం అన్న పులుసన్నం తిని, ఇంకొంచెం పెట్టమన్నాడు. అమ్మ అవ్వ కాళ్ళదగ్గర కూర్చుండిపోయింది.

ఇప్పుడు నాకు అవ్వ వయసు వచ్చింది. ఇంట్లో ఎవరైనా ఉన్నట్టుండి తెగేసి మాట్లాడితే నేను ఆ మాటతో తగువు పెట్టుకోను. ఎక్కడ ఒరుసుకుంటోందో వెతుకుతాను. దొరుకుతుంది. దొరికాక మాత్రం, చాలాసార్లు, నా మెడలోంచే ఒక పూస తీయాల్సి వస్తుంది.