జంపయ్య సారు ఇప్పగింజలు

దుమ్ముగూడెం దగ్గరి మా ఊళ్ళో జంపయ్య సారుకు ఒకటే పిచ్చి. ఇంగ్లీషు మాట ఏది చెవిన పడ్డా దాని పుట్టిల్లు కనుక్కుని, ఎదురొచ్చిన ప్రతివాడికీ చెప్పాలి. పంతులు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక పిల్లలు దొరక్క మా మీద పడ్డాడు. ఒకసారి భద్రాచలం బస్సులో ‘టికెట్’ అనే మాట ఎక్కడ పుట్టిందో అందరికీ చెబుతూ టికెట్ తీసుకోవడమే మరిచాడు. కండక్టరు దింపేస్తే, మిగతా పాఠం చెబుతూ కిటికీ వెంట నడిచాడు. ఆయనలో ఒక్కటే మంచి గుణం. చెప్పిన మాట మళ్ళీ చెప్పడు. అడిగినా “ఒకసారి చెప్పిన గదా” అని ముఖం తిప్పుకుంటాడు. మాకు అదే ఊరట.

2006 పంచాయతీ ఎన్నికల్లో మా అమ్మ కన్నమ్మ తమ్ముళ్ళిద్దరూ సర్పంచి పదవికి ఒకరి మీద ఒకరు నిలబడ్డారు. ఎవరికి వేసిందీ తమకు తెలిసిపోతుందని చెరొకసారి వచ్చి అమ్మకు చెప్పిపోయారు. ఆనాటి నుంచి ఆమెకు ముద్ద దిగలేదు. వేలికి సిరా పూసేదే దొరకబట్టడానికని ఆమె నమ్మకం. వేస్తే ఒక తమ్ముడు దూరమవుతాడు, వేయకపోతే ఇద్దరూ దూరమవుతారు. పుట్టింటి గడప ఇక తొక్కలేనేమోనని ఒకటే ఏడుపు.

పోలింగుకు ముందురోజు పొద్దున్నే సారు చంకలో కుండ, చేతిలో సిరాబుడ్డి, వెనక సగం ఊరితో మా వాకిట్లో దిగాడు. నాకు ఒళ్ళు మండింది. మా ఏడుపు మాది, ఈయన పాఠం ఈయనది.

ఆ పూట మాట ‘బ్యాలెట్’. ఇటలీ దేశంలో చిన్న గోళీకి ఆ పేరట. వెనిస్ పట్నం పెద్దలు నోరు విప్పకుండా గోళీలు వేసి మనుషులను ఎన్నుకునేవారట. గోళీలకు బదులు తలా ఒక ఇప్పగింజ పంచి, అందరి వేళ్ళకూ సిరా పెట్టి, గింజను కుండలో వేయమన్నాడు. విసుక్కుంటూనే వేశాం. అమ్మతోనూ వేయించాడు. తర్వాత కుండను బాగా కుదిపి ఆమె ముందు కుమ్మరించాడు.

“కన్నమ్మక్కా, నువ్వేసిన గింజ తీసియ్యి.”

అమ్మ చాలాసేపు కెలికింది.

“నాదేదో నాకే తెలుస్తలేదు సారూ.”

“మరి నీ తమ్ముళ్ళకెట్ల తెలుస్తది?”

“వేలికి సిరా ఉంటది గదా?”

“వేసినవని చెప్తది. ఎవరికేసినవో దానికేం ఎరుక?”

అమ్మ వేలిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తర్వాత లేచి లోపలికి పోయి గిన్నె నిండా జావ పోసుకుంది.

మర్నాడు వెళ్ళి ఓటేసి వచ్చింది. గెలిచిన మామా, ఓడిన మామా ఇద్దరూ అక్క తనకే వేసిందని ఈనాటికీ నమ్ముతున్నారు. ఫలితాలు వచ్చిన రోజే అమ్మ ఇద్దరికీ తలూపి కోడికూర వడ్డించింది.

అప్పుడు పక్కింటి పిచ్చమ్మ గుర్తుచేసింది. ‘బ్యాలెట్’ పుట్టిల్లు సారు వెనకటి ఎన్నికలప్పుడే ఊరంతటికీ చెప్పాడు. నిజమే. వెళ్ళి ఆయన్ను అడిగాను.

“వయసైపోయింది బిడ్డా, మతిమరుపు” అన్నాడు.

సరే చూద్దామని, టికెట్ ఎక్కడ పుట్టిందని అడిగాను.

“ఒకసారి చెప్పిన గదా” అని ముఖం తిప్పుకున్నాడు.