చిక్కుదారుల ఆటలో చిలకమ్మ ఊరు

దెయ్యాలూ, గాలి సోకడాలూ నేనెప్పుడూ నమ్మలేదు. పిల్లలకి సైన్సు చెప్పి బతికినదాన్ని. ఇది చదివి ఎవరూ ఏదీ నమ్మనక్కర్లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

తొంభైల మధ్యలో ముంచింగిపుట్టు దగ్గర ఒక ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో నాకు మొదటి పోస్టింగు. మాది సాలూరు. బయల్దేరేటప్పుడు మా అన్నయ్య తన పాత కంప్యూటర్ నాకిచ్చాడు. ఇప్పటివాటిలాంటిది కాదు. మందపాటి కీబోర్డు, అంతే. దాన్ని బ్లాక్ అండ్ వైట్ టీవీకి తగిలించి, టేపు రికార్డరులో క్యాసెట్ పెట్టి ఆట ఎక్కించాలి. ఐదారు నిమిషాలు కీచుమని ఒకటే గోల. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికి.

నా దగ్గరున్నది ఒక్కటే ఆట. తెరమీద తెల్లగీతల గోడలు, మధ్య సందులు. నాలుగు మీటలతో ఒక చుక్కని నడిపించి బయటపడాలి. ఇంకో చుక్క వెంట తరుముతుంది. ఆడిన ప్రతిసారీ సందులు మారిపోతాయి. బడి నుంచి వచ్చి, శాలువా కప్పుకుని, వేడి టీ పక్కన పెట్టుకుని ఆడేదాన్ని. అంత సుఖం మళ్లీ ఏ కంప్యూటరూ ఇవ్వలేదు.

నేను అద్దెకున్న ఇల్లు చిలకమ్మది. యాభై దాటిన మనిషి, ఒంటరిది. ఆమె చిన్నప్పుడు వాళ్ల ఊరు జలాశయంలో మునిగిపోయింది. అంతకు ముందేడాదే వాళ్లమ్మ జ్వరంతో పోతే, వాళ్ల ఆచారం ప్రకారం తల్లి పేరున ఇంటి వెనక ఒక రాయి పాతారు. ఏటా వేసవిలో నీళ్లు తగ్గినప్పుడు చిలకమ్మ వెళ్లి ఆ రాయి కోసం వెతికేది. అంతా బురద, కూలిన గోడల మొదళ్లు. ఏది ఎవరిల్లో తెలిసేది కాదు.

ఒక చలికాలపు సాయంత్రం నేను ఆట మొదలుపెట్టగానే చిలకమ్మ లోపలికొచ్చి తెరకేసి చూస్తూ ఉండిపోయింది.

"ఇది మా ఊరు కదమ్మా," అంది మెల్లగా. "ఇదిగో, మూడు దార్లు కలిసే సోటు. ఇది మా మేకల సాల. ఇటు తిప్పు."

సరదాకి తిప్పాను. ఆమె వేలు పెట్టి చూపిస్తోంది, నేను నడిపిస్తున్నాను. తరిమే చుక్క ఆ రోజు రాలేదు. చివరికి దారి మూసుకుపోయింది.

"ఇక్కడ గోడుంది పెద్దమ్మా. వెళ్లదు."

"గోడ నేదు. మా ఇంటెనక సందుంది. మాయమ్మా నేనూ గెడ్డలో నీళ్లకి ఇలాగే ఎల్లేవోళ్లం."

మీట నొక్కాను. చుక్క గోడలోంచి అవతలికి వెళ్లింది.

కరెంటు పోయేలోగా ఆ బొమ్మంతా నోటు పుస్తకంలో గీసుకున్నాను. తర్వాత ఎన్నిసార్లు ప్రయత్నించినా చుక్క ఏ గోడనీ దాటలేదు. ఆ సందులూ మళ్లీ రాలేదు.

ఏప్రిల్ చివర, సెలవులకి ఊరెళ్లే ముందు, ఆమెతో కలిసి జలాశయం దగ్గరికి వెళ్లాను. మూడు దార్లు కలిసే చోటు ఆమె పోల్చుకుంది. అక్కణ్ణుంచి పుస్తకం చూసుకుంటూ మలుపులు లెక్కపెట్టుకుని నడిచాం. అన్నీ సరిపోయాయి. నేను గోడ గీసిన చోట నిజంగానే గోడ మొదలుంది, దానికి మనిషి పట్టేంత సందు. కూలి ఏర్పడింది కాదు, కింద గడపరాయి ఉంది.

అవతల బురదలోంచి జానెడు రాయి పైకి కనిపించింది. చిలకమ్మ కూర్చుని కొంగుతో దాన్ని తుడిచింది.

"ఇన్నేళ్లూ పక్కనుంచే పోయేనమ్మా," అంది చివరికి.

తర్వాత అన్నయ్య ఆ ప్రోగ్రాం అంతా చదివి చూశాడు. గోడ దాటే వీలు అందులో ఎక్కడా లేదన్నాడు. నేనే సరిగ్గా చూసి ఉండనన్నాడు. కావచ్చు. మరి పుస్తకంలో నా చేత్తో గీసిన ఆ మలుపులు?

వానలకి జలాశయం మళ్లీ నిండింది. రాయి మళ్లీ మునిగిపోయిందిగా, బెంగగా లేదా అని అడిగాను.

"ఏటికి బెంగ? మాయమ్మ ఏడుందో తెలిసింది కదా," అంది చిలకమ్మ.

ఆమెకి అది చాలింది. నేను మాత్రం ఆ నోటు పుస్తకాన్ని ఇన్నేళ్లయినా దాచుకునే ఉన్నాను.