జీవరత్నం మేడమ్ తీసుకోని ఫారం

మొన్నటి వానలకి మా డిపార్ట్‌మెంట్ చెక్కబీరువా తలుపు ఉబ్బి బిగుసుకుపోతే, నేనూ అటెండరూ పట్టి లాగాం. తడికాగితాల వాసనా కలరా ఉండల వాసనా కలిసి ఒక్కసారిగా ముఖాన కొట్టాయి. ఆ వాసన తగిలితే చాలు, ఒకప్పుడు ఆ బీరువా వాడిన జీవరత్నం మేడమ్ పక్కనే నిలబడి నన్ను మందలిస్తున్నట్టే ఉంటుంది. అమలాపురం దగ్గరున్న మా ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ విభాగానికి ఆవిడే పెద్ద. అంతకుముందు పాలిటెక్నిక్‌లో నాకు పాఠాలు చెప్పారు. ఆవిడ పోయి రెండేళ్ళయింది. బీరువా కింది అరలో రబ్బరు బ్యాండు చుట్టిన కార్డులు పన్నెండు దొరికాయి. కంప్యూటర్ నిపుణుల సంఘం వాళ్ళిచ్చిన సభ్యత్వ కార్డులు. అన్నీ గడువు తీరినవే, అందులో ఒకటి నాది.

వాటి కథ చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంటుంది. కాలేజీకి ఇన్‌స్పెక్షన్ వస్తుందంటే లెక్చరర్లు వృత్తి సంఘాల్లో సభ్యులని చూపించాలి. అందుకని యాజమాన్యం మా అందరికీ ఒక్క ఏడాదికి సభ్యత్వ ఫీజు కట్టేసింది. కార్డులు ఫైల్లో పెట్టి చూపించాం, వచ్చినవాళ్ళు పూతరేకులు తిని వెళ్ళారు, మేం ఆ సంఘం ఊసే మరిచిపోయాం. ఒక్కరమూ ఒక్క మీటింగుకీ పోలేదు. మేడమ్ మాత్రం ఎన్నో ఏళ్ళుగా సొంత డబ్బుతో సభ్యురాలు. ఆవిడ పేరు మీదే మా కాలేజీలో ఆ సంఘపు విద్యార్థి శాఖ నడిచేది. రాజోలు నుంచీ ఐ.పోలవరం నుంచీ వచ్చే మా పిల్లలు బయట కంపెనీల్లో పనిచేసేవాళ్ళతో మాట్లాడగలిగేది ఆ శాఖ వల్లే.

చిక్కు ఆవిడ రిటైర్మెంటుతో వచ్చింది. శాఖ నిలవాలంటే మాలో ఒక్కరైనా శాశ్వత సభ్యత్వం తీసుకోవాలి, లేకపోతే ఆవిడ వెళ్ళడంతోనే మూత. శిష్యుణ్ణి కదా అని అందరూ నావైపే చూశారు. ఫీజేమో నా నెల జీతంలో సగం, పైగా మా పాపకు స్కూలు ఫీజు కట్టాల్సిన నెల. వారం రోజులు గింజుకుని, చివరికి ఫారం నింపి పట్టుకెళ్ళాను.

“పుస్తెలమ్మి పులస తినమన్నట్టుందండి మేడమ్‌గారూ. అయినా మీకోసం చేరతానండి” అన్నాను.

ఆవిడ ఫారం అందుకోలేదు. “పులస తిన్నోడికి రుచన్నా తెలుస్తుంది బాబూ. పోయినసారి నువ్వు తెప్పించుకుని వండకుండానే పారేసేవు” అన్నారు. “నాకోసమైతే వద్దు, నేనెళ్ళేక మానేస్తావు. శనివారం కాకినాడలో మీటింగుంది, నాతో రా. నీకు తెలీని ప్రశ్నొకటి పట్టుకురా. లేచి అందరిముందూ అడగాలి. అప్పటికీ దండగనిపిస్తే నేనేం అనుకోను, శాఖ మూసేద్దాం.”

గతుక్కుమన్నాను. ఏళ్ళ తరబడి కళ్ళలో పెట్టుకుని చూసుకున్నదాన్ని అంత తేలిగ్గా ఎలా వదిలేస్తారో అర్థం కాలేదు. కొంచెం కోపం కూడా వచ్చింది, సాయం చేస్తానంటే పరీక్ష పెడతారేమిటని.

ప్రశ్నకేం, నా దగ్గర ఉంది. మా పిల్లలు ముమ్మిడివరం దగ్గర ఒక రొయ్యల చెరువులో, నీటిలో ఆక్సిజన్ ఎంతుందో ఫోనుకి చెప్పే పరికరం పెట్టారు. మొదటి వారం చక్కగా పనిచేసి, తర్వాత నోటికొచ్చిన అంకె చెప్పేది. నేను ప్రోగ్రాం నాలుగుసార్లు తిరగరాశాను. తెలియదని ఎవరితోనైనా అనడం మాత్రం నావల్ల కాలేదు. మా కాలేజీలో లెక్చరర్ ఆ మాటంటే సాయంత్రానికల్లా క్యాంటీన్లో చెప్పుకుంటారు.

కాకినాడ హాల్లో పాతికమంది కూడా లేరు. లేచి అడిగేశాను. వెనక వరసలోంచి ఒక పెద్దాయన, “నీళ్ళలో ఉండే ఆ సెన్సర్ని తుడుస్తున్నారాండీ?” అన్నారు.

“ఎందుకండీ?”

“పాకుడు పట్టేస్తుంది కదండీ. నేనూ రెండు నెలలు ప్రోగ్రాంలోనే వెతికేనండి” అని ఆయనే ముందు పకపకా నవ్వారు. తర్వాత హాలంతా నవ్వింది, నేను కూడా నవ్వాను.

తిరుగు బస్సులో ఎదుర్లంక వంతెన దాటుతుంటే నాలో పిసినారి మళ్ళీ లేచాడు. “మా బాబాయికి రొయ్యల చెరువుందండి. ఈ ముక్క ఆయన్నడిగినా చెప్పేసేవోరండి. దీనికి అంత ఫీజాండీ?”

“ఆయ్, చెప్పేసేవోరు. మరి అడిగేవా?”

ఆవిడ కిటికీలోంచి గోదావరి వైపు తిరిగారు. “మా నాన్న కూలికెళ్ళే చోట, ఇదేంటండీ అనడిగితే మర్నాడు పన్లోకి పిలిచేవోరు కాదు. ఇంత చదివేక కూడా నలుగురిలో అడగాలంటే నాకు నోరు పెగిలేది కాదు బాబూ. ఇదిగో, ఈ మీటింగుల్లోనే నేర్చుకున్నాను. ఫీజు వాళ్ళు చెప్పే జవాబుకి కాదు. అడగడం అలవాటయ్యే చోటుకి” అన్నారు.

సోమవారం ఫారం మళ్ళీ ఇచ్చాను. “ఎవరికోసం?” అన్నారు. “నాకోసమేనండి” అన్నాను. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, పెట్టుకుని, పరిచయం చేసేవారి గడిలో సంతకం చేశారు. పాప ఫీజు ఆలస్యంగా కట్టినందుకు మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

శాఖ ఇప్పటికీ నడుస్తోంది. మొహమాటంతో నేనిస్తానన్న సంతకం ఆ మొదటిరోజే తీసేసుకుని ఉంటే ఆవిడ పని సులువుగా అయిపోయేది. అలా చేయనందుకే ఆవిడంటే నాకింత ప్రేమ. నిన్న క్లాసులో ఒక అమ్మాయి అడిగినదానికి నాకు జవాబు తట్టలేదు. నలభైమంది ముందు, “నాకు తెలియదమ్మా. శనివారం కాకినాడ వెళ్ళి కనుక్కొస్తాను” అన్నాను. ఎవరూ నవ్వలేదు. ఆ పిల్ల కూర్చోబోయి, మళ్ళీ లేచింది.

“నేనూ రావచ్చాండీ సార్? నేనే అడుగుతానండి.”