తమ్ముని పేరు చెప్పి తెచ్చుకున్న లోను

పన్నెండేండ్ల సంది ఒక మాట కడుపుల పెట్టుకొని తిరుగుతున్న. తింటే అరగదు, కక్కుదామంటే రాదు. నేను ఎవలో చెప్ప. పేరు చెప్పే ధైర్యమే ఉంటే ముందుగాల మా తమ్మునికే చెప్తుంటి గదా. మీరెవలో నాకు తెల్వదు, నేనెవలో మీకు తెల్వదు. అందుకే మీకు చెప్తున్న.

మాది ఖానాపూర్ దిక్కు. డెబ్బైల చివర్ల బ్యాంకు లోను తీసుకొని పిండిగిర్ని పెట్టినం. లోను నా పేరు మీదనే. మా ఆయనకు ఆఫీసులంటే భయం. పూచీ ఉంటనని జమానతు సంతకం మా తమ్ముడు చేసిండు. వానికప్పుడు ఇరవై రెండేండ్లు. ఏం కాయిదమని గూడ అడుగలే. అక్క చెప్పింది, వానికి చాలు.

గిర్ని మంచిగనే నడిచింది. ఈ సంగతి దాచను. కిస్తులు కట్టే తాకతు మాకు ఉండె. కట్టలే. ఎలక్షన్లొస్తున్నయ్, లోన్లన్నీ మాఫీ అయితయ్ అని ఊరంత అన్నరు. నేను నమ్మిన. నిజంగ నమ్మిన్నా, లేకుంటే నమ్మితే నాకు లాభమని నమ్మిన్నా? కట్టని కిస్తుల పైసలతోని రెండెకరాల పత్తిచేను కొన్నం. మాఫీ మా దాకా రాలే, నోటీసులొచ్చినయ్. బ్యాంకోల్లు జీపుల వచ్చి గిర్ని ముందల నిలబడి నా పేరు గట్టిగ చదివిన్రు. జొన్నలు పట్టిచ్చుకునేటందుకు వచ్చిన ఆడోల్లు డబ్బాలు కింద పెట్టి చూసిన్రు.

తర్వాత మోటరు కాలిపోయింది. కొత్తది కావాలె, కారం పట్టే మిషన్ గూడ కావాలె. చేను అమ్మి బాకీ అంత తీర్చిన. రసీదు పట్టుకొని బ్యాంకుకు పోతే మల్ల లోను ఇయ్యం అన్నరు. తీర్చినవు గని ఏండ్లకేండ్లు తిప్పినవు గదా అన్నరు. నెలకోసారి పోయిన. సారు లేడంటరు. ఆదిలాబాద్ పెద్దాఫీసుల అడుగుమంటరు. ఆదిలాబాద్ పోతే, ఆడ పొద్దంత బల్ల మీద కూసుండబెట్టి, మీ బ్రాంచి నుంచే కాయిదం రావాలంటరు. చిన్న ఖాతా తెరిచి ప్రతి వారం అంగడి తెల్లారి ఎంతో కొంత వేసిన, కనీసం నా మొఖం గుర్తుపడ్తరని. పట్టలే. నాలుగేండ్లు గిట్లనే. అంత కట్టినంక గూడ నేను దొంగనేనా? ఇంకెంత కడితే మనిషిననుకుంటరు? ఇంటికొచ్చి గిన్నెలు విసిరికొట్టేదాన్ని.

అప్పుడు కొత్త మేనేజర్ వచ్చిండు. కోస్తా దిక్కాయన, మెత్తటి మనిషి. ఆ బ్యాంకుల నాకు కుర్చీ చూపిచ్చింది ఆయనొక్కడే.

"చూడండమ్మా, బాకీ తీర్చారు, సంతోషం. కానీ అన్నేళ్లు ఎందుకు కట్టలేదు? సరైన కారణం ఉంటే నేను పైకి రాస్తాను."

మాఫీ కోసం ఆగిన సారూ అంటే అయిపోతుండె. నోట్లె నుంచి వేరే మాట వచ్చింది.

"మా తమ్ముడు సారూ. కట్టి రమ్మని కిస్తులు వాని చేతికే ఇచ్చిన. వాడు వాడుకున్నడు. నాకు తెల్వకపాయె."

"జామీను ఉన్న అతనేనా?"

"వాడే సారూ."

మేనేజర్ రాసుకున్నడు. రాసుకుంటనే పాపం అన్నట్టు నా దిక్కు చూసిండు. నేను తల కిందికేసుకున్న. సిగ్గుతోని గాదు. పని అయితదని అర్థమై, మొఖంల సంతోషం కనబడొద్దని.

నెల తిరుగకముందే లోను వచ్చింది. ఈసారి ఒక్క కిస్తు తప్పలే. రెండేండ్లల్ల నేను మంచి పార్టీనైన. లోను కోసమొచ్చిన రైతులకు మేనేజర్ నన్ను చూపిచ్చి, ఈమెలెక్క ఉండాలనేటోడు.

తమ్ముడు ఆటో కొంటనని అదే బ్యాంకుల అర్జీ పెట్టింది అప్పుడే. ఇయ్యలే. ఎందుకో గూడ చెప్పలే. మా ఇంటికొచ్చి, అక్కా నీ మాట ఇంటరు గదా, జర చెప్పరాదు అన్నడు. చెప్త తమ్మీ అని చాయ పోసిన. చెప్పలే. మల్ల వచ్చినప్పుడు, చెప్పిన గని ఇంటలేరన్న. మొదటిసారి వాని మొఖం చూడకుంట, చాయ గిలాస చూసుకుంట చెప్పిన. రెండోసారి వాని మొఖం చూసుకుంటనే చెప్పిన.

బాపు ఇచ్చిన చెలక భూమి కుదువపెట్టి, మిత్తికి అప్పు తెచ్చి వాడు మస్కట్ పోయిండు. మిత్తి కింద చెలక పోయింది. ఈడ వానికి బిడ్డ పుట్టింది, మమ్ముల కన్న అవ్వ సచ్చిపోయింది, రెండిటికీ రాలేకపోయిండు. ఆరేండ్లకు నడుము పట్టుకొని వచ్చిండు. బరువు ఎత్తలేడు, ఎక్కువసేపు కూసోలేడు.

వాన్ని అట్ల చూసినంక ఒక కాయిదం రాసిన. నేను చెప్పింది అబద్ధం, మా తమ్ముని తప్పు లేదని. బ్యాంకుకు పట్టుకపోయిన. పాత మేనేజర్ ఎప్పుడో బదిలీ అయి పోయిండు. కొత్తాయన చదివి, ఇది తీసుకుంటే మీరు అబద్ధం చెప్పి లోను తీసుకున్నట్టే అయితదమ్మా, మీ ఖాతా మల్ల మొదటికొస్తది, ఆలోచించుకొని రండి అన్నడు. నేను ఆడనే ఆలోచించుకున్న. ఎంతసేపు? ఆయన చాయ తాగేంతసేపు గూడ గాదు. కాయిదం మలిచి రైకల పెట్టుకొని ఇంటికొచ్చిన.

బ్యాంకోల్లు నన్నట్ల తిప్పకుంటే నేనట్ల అనకపోదును. ఇది నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్ననో. నిజమే గావచ్చు. గని ఆ మేనేజర్ నన్ను కారణం అడిగిండు, పేరు అడుగలే. పేరు నేనే ఇచ్చిన.

తమ్ముడు ఇప్పుడు నా గిర్నిలనే తూకం చూస్తడు. అక్క లేకుంటే నా గతేంది అని వచ్చినోల్లకు చెప్తడు. ఆ మాట ఇన్నప్పుడల్ల ఏదో పనున్నట్టు లోపలికి పోత. వానికి చెప్పాల్నా? చెప్తే ఎవలి బరువు దిగుతది, నాదా, వానిదా? ఇంకా తేల్చుకోలే. తేల్చుకుంటనన్న నమ్మకం గూడ లేదు.

క్షమించుమని మిమ్ముల అడుగుతలేను. అది మీ చేతుల లేదు. ఒక్కటి మాత్రం రాస్తున్న. మా తమ్ముడు ఆ పైసలు ముట్టలే. ఒక్క రూపాయి ముట్టలే. ఆ బ్యాంకుల ఇయ్యలేకపోయిన మాట ఈడనన్న రాసిన.